ఫైనల్‌కు ముందు

"సైటే పాడైనట్టుంది, నేనేం చెయ్యనమ్మా?" అన్నాడు కొడుకు, తల్లి ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి.

"నిన్నటిదాకా బాగున్న సైటుకి ఇవాళేం రోగమొచ్చిందిరా? ఇంకాసేపట్లో నా ఫైనల్!" అంది తల్లి. ఆన్‌లైన్ చదరంగం పోటీలో ఆమె అంతదాకా రావడం ఇదే మొదటిసారి.

కోడలు తన ఫోన్లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద అదే సైటు తెరిచింది. ఇట్టే తెరుచుకుంది.

"సైటుకేం కాలేదు అత్తయ్యా. మన రౌటరే ఆపుతున్నట్టుంది."

ల్యాప్‌టాప్‌లో రౌటర్ సెట్టింగులు తెరిచి, ఏ సైటును ఆపాలో చెప్పే ఫైర్‌వాల్ రూల్స్ ఒక్కొక్కటే చూసింది. చివరి రూల్ దగ్గర ఆగిపోయింది. అది ఆపుతున్నది ఆ ఒక్క సైటునే, అదీ అత్తగారి ట్యాబ్‌లోనే.

"ఇది దానంతటది వచ్చేది కాదు," అంది భర్త వైపు చూసి. "ఎవరో పెట్టాలి."

అతను తల దించుకున్నాడు.

"ముక్కూమొహం తెలియని మగాళ్ళతో గంటలు గంటలు ఆటలూ, కబుర్లూ... ఎవడైనా మోసం చేస్తే? నీ మంచికేనమ్మా."

"నడక నేర్చుకుంటూ ఎన్నిసార్లు పడ్డావురా నువ్వు! పడతావని నీ కాళ్ళు కట్టేశానా?"

కోడలు ఆ రూల్ తీసెయ్యబోయింది.

"ఆగమ్మాయ్!" అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, ల్యాప్‌టాప్ ముందుకు కుర్చీ లాక్కుంది. "నువ్వు తియ్యకు. ఎలా తియ్యాలో నాకు చూపించు. వీడు మళ్ళీ పెడతాడు."

కొడుకు వైపు చూడకుండానే ఇంకో మాట అంది.

"రౌటర్ పాస్‌వర్డు ఎలా మార్చాలో కూడా."