ఆరువందల ఇరవై అయిదు గళ్ళు

"పదకొండో వరసలో ఎనిమిదో గడి నీలమా, తెలుపా?"

"తెలుపు. నిన్నా ఇక్కడే నీలం కుట్టి విప్పావు వదినా," అంది చిట్టి, కాగితం మీద పెట్టిన వేలు తియ్యకుండా.

దుప్పట్లావిడ కళ్ళజోడు సర్దుకుని తెల్ల ముక్క అందుకుంది. వీధివీధంతా ఆవిణ్ణి పిలిచే పేరు అదే. నలభై ఏళ్ళుగా ఊలు దుప్పట్లు అల్లుతోంది మరి. చిట్టి ఆవిడ ఆడపడుచు. యాభై అయిదేళ్ళొచ్చినా పేరు మాత్రం చిట్టిగానే ఉండిపోయింది. ఇంట్లో ఉన్నది ఈ ఇద్దరే. రోజుకు పదిసార్లు కీచులాడుకుంటారు, పదకొండోసారి కలిసి కాఫీ తాగుతారు.

ఈ దుప్పటి సంగతి మొదటినుంచీ వింతగానే ఉంది. రెండు నెలల కిందట ఊలు కొట్టాయన ముదురు నీలం, తెలుపు ఉండలతో పాటు ఒక గళ్ళ కాగితం తెచ్చిచ్చాడు. అడ్డంగా ఇరవై అయిదు గళ్ళు, నిలువుగా ఇరవై అయిదు. అది క్యూఆర్ కోడట. ఎవరో కావాలని చేయించుకున్నారట. ఒక్కో గడినీ రెండంగుళాల ముక్కగా అల్లి, కాగితంలో ఉన్న వరసలోనే కలిపి కుట్టాలి. పూర్తయ్యాక ఫోను పెడితే పలకాలి. పలక్కపోతే పని కానట్టే. ఎవరు చేయిస్తున్నారో మాత్రం చెప్పొద్దన్నారట.

దుప్పట్లావిడకు అదే నచ్చలేదు. కప్పుకునేది ఎవరో తెలియందే సూది పట్టకపోవడం ఆవిడ పద్ధతి. పసిపిల్లా, బాలింతా, మోకాళ్ళ నొప్పుల ముసలాయనా అని ఆరా తీసి, అల్లినన్నాళ్ళూ ఆ మనిషితో మనసులోనే కబుర్లాడుతుంది. ఊలు కొట్టాయన తల గోక్కుని, ఆ మనిషెవరో కోడ్‌లోనే తెలుస్తుందని చెప్పి జారుకున్నాడు.

ఆయన గుమ్మం దాటకముందే ఆవిడ కాగితానికి తన ఫోను పెట్టింది. తెర మీద ఒక పేజీ తెరుచుకుంది. అందులో ఒకటే ముక్క ఉంది: 'తొందరెందుకు? అల్లడం పూర్తి కానివ్వండి.'

ఆ రోజునుంచీ పొద్దున్నే ఫోను పెట్టడం, అదే మాట చదువుకుని ఉసూరుమనడం ఆవిడకు అలవాటైపోయింది. పేజీలో రాసింది ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చని చిట్టి చెప్పింది. చిట్టి ప్రతి గురువారం లైబ్రరీలో ఫోను క్లాసులకు వెళ్తోంది. వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి అన్నీ తనకే తెలిసినట్టు మాట్లాడుతోందని దుప్పట్లావిడ ఫిర్యాదు.

"మొహం తెలియనివాళ్ళ కోసం వేళ్ళు అరగదీసుకుంటున్నావు," అని సణిగేది చిట్టి. ఆ సణుగుడుకు కారణం లేకపోలేదు. దుప్పట్లావిడ పడుకునేది రెండు పాత శాలువలు కలిపి కుట్టిన బొంత కప్పుకుని. తనకోసం అల్లుకున్నదల్లా ఎవరో ఒకరు వచ్చి బాగుందనగానే మడిచి చేతిలో పెట్టేస్తుంది. కిందటి చలికాలం అలా ఇచ్చేసినందుకు చిట్టి రెండు రోజులు మాట్లాడలేదు.

దానికి తోడు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఇక అల్లికలు కట్టిపెట్టమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇదొక్కటీ పూర్తి చేసుకోనివ్వమని ఆవిడ బతిమాలుకుంది.

"ఇది నా ఆఖరి దుప్పటి చిట్టీ. ఎవరింటికి పోతోందో తెలియకుండా ఎలా పంపను?"

చిట్టి తర్వాతి వరస చదివింది.

నెలాఖరుకు గళ్ళన్నీ కుట్టడం అయింది. చుట్టూ నాలుగు గళ్ళ మేర ఉత్త తెలుపు వదలమని కాగితంలో ఉంది. దుప్పట్లావిడకు అది బోసిగా కనిపించింది. ప్రతి దుప్పటికీ తన గుర్తుగా వేసే నీలం గొలుసు అంచును గళ్ళకు ఆనించి వేసేసింది. ఆశగా ఫోను పెట్టింది. ఫోను ఉలకలేదు, పలకలేదు.

ఇద్దరూ కూర్చుని ఆరువందల ఇరవై అయిదు గళ్ళూ మొదటినుంచి సరిచూశారు. ఒక్క తప్పు లేదు.

"గొలుసు విప్పాలి వదినా. చుట్టూ ఖాళీ లేకపోతే కోడ్ ఎక్కడ మొదలైందో ఫోనుకు తెలీదు."

"విప్పితే ఇక నా గుర్తేముంటుంది?"

"ఈ ఒక్కదానికీ నీ గుర్తు లేకపోయినా పర్లేదులే," అంటూ చిట్టి తనే కత్తెర తెచ్చి కూర్చుంది. వదిన వేళ్ళకు శ్రమ లేకుండా గొలుసంతా విప్పింది.

మర్నాడు పెరట్లో తీగ మీద దుప్పటి ఆరేసి క్లిప్పులు పెట్టారు. గాలికి ముడతలు పడకుండా చిట్టి వెనక నిలబడి కింది అంచులు పట్టుకుంది. ఇవతలికి ఆమె పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. దుప్పట్లావిడ పది అడుగులు వెనక్కి వేసి ఫోను ఎత్తింది.

"ఒక్క నిమిషం ఆగు," అంది చిట్టి వెనకనుంచి. దుప్పటి ఒక పక్క వదులై ఊగింది. నిమిషం కాస్తా మూడు నిమిషాలైంది. ఏం చేస్తున్నావని దుప్పట్లావిడ విసుక్కుంది. దుప్పటి మళ్ళీ బిగుసుకుంది.

"ఊఁ, ఇప్పుడు పెట్టు."

ఈసారి ఫోను పలికింది. దుప్పట్లావిడ ఎండ పడకుండా తెరకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. పేజీ తెరుచుకుంది. రోజూ చదివే మాట అక్కడ లేదు. కొత్తది ఉంది.

'ఇదైనా నువ్వు కప్పుకో, వదినా.'