స్పీకరు వైరు

ఎంకపల్లి అంజిలయ్య, సాఫ్ట్‌వేర్ కంపెనీ తీసేసిన పాత కంప్యూటరు కొన్నప్పటి నుంచి ఆ గదిలోకి ఎవరినీ రానివ్వడం లేదు. దుమ్ము పడుతుందట. పొద్దున్నుంచి తలుపు మూసుకుని రియల్ ఎస్టేట్ వెంచర్ల లెక్కలు చూస్తున్నానంటాడు. అతని వంతు బర్రెల పని కూడా భార్య శకుంతలమ్మే చేస్తోంది.

కంప్యూటరుకు సౌండ్ రావడం లేదని మొయినాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే నన్ను పిలిపించింది ఆమే.

“లెక్కలకు సౌండెందుకే?” గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు అంజిలయ్య.

“పైసలు పెట్టి మూగదాన్ని కొంటరా ఎవలన్న? జరుగు,” అందామె.

చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. చెడిపోయిందేమీ లేదు. స్పీకరు వైరును ఎవరో పీకి, నీటుగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి బల్ల వెనక పెట్టారు. దాన్ని మళ్లీ గుచ్చి, తెర మీద తెరిచి ఉన్నదాన్ని నొక్కాను.

పేకముక్కలు పంచుతున్న చప్పుడు ఇల్లంతా వినిపించింది.

“ముక్క ముట్టనని నా నెత్తి మీద ఒట్టు పెట్టినవ్ గద!” అంది శకుంతలమ్మ.

“నేనేడ ముట్టిన? కంప్యూటరే పంచుతున్నది.”

ఆమె నా వైపు తిరిగింది.

“ఎరుకయ్యే నిన్ను పిలిచిన తమ్మీ. తలుపు మూసుకోనీ, దుమ్ము పడుతది. నువ్వు సౌండ్ జర పెద్దగ పెట్టు. బర్ల కొట్టం దాక వినపడాలె.”