లేపడం నేర్పండి

ఆట మొదలై నిమిషం కాలేదు, కొత్తగా చేరిన మనిషి గోడకి ముఖం పెట్టి నిలబడిపోయాడు.

"వెనక్కి తిరగడం ఎలాగండీ?" అని మైకులో అడిగాడు.

నదీమ్‌కి తలప్రాణం తోకకొచ్చింది.

నదీమ్‌ది బందరు. రోల్డ్‌గోల్డ్ నగల షాపులో పని. రోజూ మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి దాకా విరామం. ఆ గంటా ఫోనులో యుద్ధం ఆట ఆడతాడు. కోపమెప్పుడూ ముక్కుమీదే ఉంటుంది కాబట్టి కెప్టెన్ కూడా అతనే.

జట్టులో నలుగురుండాలి. పక్క షాపు ముస్తాక్, గుడివాడలో డిగ్రీ చదువుతున్న ఫౌజియా ఉన్నారు. నాలుగోవాడు ఉద్యోగమొచ్చి మానేశాడు. మనిషి తక్కువైతే ఈ ఆట ఊరుకోదు, ఎక్కడినుంచో ఒకర్ని తెచ్చి అంటగడుతుంది. అలా తగులుకున్నాడీ పెద్దమనిషి.

పేరు ప్రకాశరావట. ఊరు పాలకాయతిప్ప దగ్గరట. ఎవరూ అడక్కుండానే చెప్పుకొచ్చాడు. తుపాకులు పేలుతుంటే ఈ పరిచయాలేమిటని ముస్తాక్ పడీపడీ నవ్వాడు.

నదీమ్‌కి నవ్వు రాలేదు. శుక్రవారంలోగా ఇంకో ఆరు ఆటలు గెలిస్తేనే ఆదివారం గుడివాడలో జరిగే పోటీలో చోటు. ఏడాదిగా దానికోసమే చూస్తున్నాడు.

ప్రకాశరావుకి గెలుపు అక్కర్లేదు. తుపాకీ కూడా అక్కర్లేదు. ఈ ఆటలో దెబ్బతిని పడిపోయినవాణ్ణి జట్టువాళ్ళెవరైనా పది సెకన్లలోపు వచ్చి లేపితే మళ్ళీ ఆడతాడు, లేపకపోతే అంతే సంగతులు. ఆయనకి ఆ లేపడం ఒక్కటి వస్తే చాలట.

"ముందు కాల్చడం నేర్చుకోండి సార్" అన్నాడు నదీమ్.

"కాల్చడం వద్దు బాబూ. లేపడం నేర్పండి, చాలు."

ఫౌజియాకి జాలేసింది. బాబాయ్ గారూ అంటూ వరస కలిపి, మర్నాడూ ఆయన్ని పిలిచి, పడినవాళ్ళ దగ్గరికి ఎలా వెళ్ళాలో, వేలు ఎక్కడ అదిమిపట్టాలో ఓపిగ్గా చెప్పింది. ఆయన నెంబరు కూడా తీసుకుంది. పాపం ఆయన వేళ్ళు మాత్రం మాట వినేవి కావు. కుడికి వెళ్ళమంటే ఎడమకి వెళ్ళి కాలవలో పడేవాడు. అయినా రోజూ సరిగ్గా మూడయ్యేసరికి వచ్చి, నమస్కారమండీ అనేవాడు.

బుధవారం నాడు గెలుపు అంచుదాకా వచ్చారు. మిగిలింది ఒకే ఒక్క శత్రువు. సరిగ్గా అప్పుడే నదీమ్ పడిపోయాడు. పక్కనే ప్రకాశరావు ఉన్నాడు. వేలు పెట్టి నొక్కితే చాలు.

"లేపమంటారా అండీ?" అని అడిగాడాయన.

నదీమ్ నోరు తెరిచేలోపే పది సెకన్లూ అయిపోయాయి. ఆట పోయింది.

నదీమ్ ఒంటికాలిమీద లేచాడు. పడినవాణ్ణి లేపడానికి పర్మిషన్ ఏమిటని అరిచాడు.

"అడక్కుండా లేపితే ఎక్కడ నొప్పి పెడుతుందోనని బాబూ" అన్నాడాయన.

ఫోనులో బొమ్మకి నొప్పేమిటని ముస్తాక్ మళ్ళీ నవ్వాడు.

"ఇంక మీరు రావద్దు సార్. ఈ ఆట మీవల్ల కాదు" అన్నాడు నదీమ్.

"ఇంకో రెండు రోజులు ఓపిక పట్టండి బాబూ. కొంచెం కొంచెం వస్తోంది. తర్వాత మిమ్మల్ని ఇబ్బంది పెట్టను."

నదీమ్ చెవిన వేసుకోలేదు. ఆయన్ని జట్టులోంచి తీసేసి, మళ్ళీ రాకుండా బ్లాక్ చేశాడు. ఫౌజియా బతిమాలినా వినలేదు. జాన్సన్ అని ఒకడు గురి తప్పకుండా కాలుస్తాడని తెలిసి వాణ్ణి చేర్చుకున్నాడు. పడినవాళ్ళ కోసం ఎవరూ ఆగకూడదని అందరికీ గట్టిగా చెప్పాడు. ఆరు ఆటలూ గెలిచారు.

ఆదివారం గుడివాడలో పోటీ మొదలైన రెండో నిమిషంలోనే నదీమ్ పడిపోయాడు.

లేపమని అరిచాడు. ముగ్గురూ దూరంగా ఎక్కడో ఉన్నారు.

"ఆగొద్దని నువ్వే కదా భాయ్ అన్నావు" అని ముస్తాక్ ముందుకే పరిగెత్తాడు.

మిగతా ఆటంతా నదీమ్ కుర్చీలో చేతులు కట్టుకుని చూశాడు. పడిపోయి, ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూడడం ఎలా ఉంటుందో అతనికి మొదటిసారి తెలిసింది. కప్పు రాలేదు. విచిత్రంగా అతనికి కప్పు మీద ధ్యాస కూడా లేదు. బస్టాండు దాకా వచ్చిన ఫౌజియాని ప్రకాశరావు నెంబరు అడిగాడు. ఆమె ఇచ్చింది.

బందరు బస్సు కదలకముందే ఫోను చేశాడు. తానెవరో చెప్పి, సిగ్గుపడుతూనే తప్పు ఒప్పుకున్నాడు.

"గెలిచారా బాబూ?" అని అడిగాడు ప్రకాశరావు.

"లేదండీ. రేపు మూడింటికి రండి. లేపడం వచ్చేదాకా దగ్గరుండి నేనే నేర్పుతాను."



"ఇంక అవసరం లేదు బాబూ. మా బిందు నిన్న పొద్దున పోయింది."



ఆయన మెల్లగా చెప్పుకుపోయాడు. ఆసుపత్రి మంచం మీద రోజుకి గంటసేపు ఫోను పట్టుకుని, ఆడిన ప్రతి ఆటలోనూ పడిపోయి, తననెవరూ లేపడం లేదని ఏడ్చే పదకొండేళ్ళ కూతుర్ని, ఎవరో తెలియనివాడిలా ఆమె జట్టులో చేరి ఒక్కసారైనా లేపాలని, వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఆట నేర్చుకుంటున్న తండ్రి ఆయన.