డ్రైవరంటే భయం

“మీ కోడలు తెల్లారగట్ల గోడౌన్ వెనక ఖాళీ స్థలంలో ఎవడో ఖాకీ ప్యాంటు వాడి చేతులు పట్టుకుని కర్ర తిప్పిస్తోందట” అని కుట్టుమిషనావిడ చెప్పిందని ఇస్త్రీ బండాయన చెప్పాడు. వాడు టోపీని కళ్ళదాకా లాక్కున్నాడట, మొహం ఆనలేదట. ఆవిడ కళ్ళారా చూసిందట. సూదిలో దారం ఎక్కించాలంటే మాత్రం ఆవిడకి పక్కింటివాళ్ళు కావాలి.

పెద్దాయన ఇస్త్రీ బట్టలు అక్కడే వదిలేసి విసవిసా ఇంటికొచ్చాడు. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి దిగిన మనిషి. యూనిఫాం పెట్టెలో పడేశాక ఆయన పొద్దున్నే లేచిన పాపాన పోలేదు. ఇల్లాలు నడకకి వెళ్ళొచ్చి, పొయ్యి వెలిగించి, రెండుసార్లు కేకేస్తేగానీ ఎనిమిదింటికి దుప్పటి తీయడు. అలాంటి మనిషి వస్తూనే కోడలి గోల్ఫ్ కర్రల సంచీని గదిలోకి విసిరి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

“మామయ్యా, రేపు నాకు పరీక్ష. ఆఖరిది” అంది కోడలు.

యూనివర్సిటీలో ఆమె చదివేది గోల్ఫ్ మేనేజ్‌మెంటూ కోచింగూ. మూడేళ్ళ డిగ్రీ. ఎన్నడూ గోల్ఫ్ కర్ర ముట్టని మనిషిని ఒకరిని వెతుక్కుని, నలభై రోజులు నేర్పి, పరీక్షకుల ముందు బంతి కొట్టించాలి. ఆ మనిషి కొడితేనే ఈమెకి డిగ్రీ.

“గోటీబిళ్ళకి డిగ్రీ ఏంటని నేనా రోజే అన్నాను. వీడే వినలేదు.”

వీడు, అంటే కొడుకు, సోఫాలో కూర్చుని ఫోన్లోంచి తలెత్తలేదు.

“ఎవడు వాడు?”

“నేర్చుకునే మనిషి పేరు ఆ మనిషి చెప్పమంటేనే చెప్తాను. మాటిచ్చాను.”

“మాటా! ఇంటి పరువు ఇస్త్రీ బండి మీద పొగలు కక్కుతుంటే, మాటంట!”

ఆయన బల్ల మీదున్న ఆమె రికార్డు పుస్తకం లాక్కున్నాడు. నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించి, టిక్కెట్లు తనిఖీ చేసేవాడిలా పేజీలు తిప్పాడు. ఒకచోట వేలు ఆగిపోయింది. పైకే చదివాడు.

“‘ఆరో రోజు. డ్రైవర్‌ని ఇప్పుడే ముట్టుకోవద్దన్నాను. పన్నెండో రోజు. డ్రైవర్‌ని బిగించి కాదు, మెత్తగా పట్టుకోవాలి. ఇరవయ్యో రోజు. డ్రైవరంటే భయం ఇంకా పోలేదు. చూడగానే భుజాలు బిగుసుకుపోతున్నాయి. పరీక్షనాటికి ఆ భయం పోవాలి.’” పుస్తకాన్ని టప్పున మూశాడు. “ఖాకీ ప్యాంటు! డ్రైవరు! పైగా మెత్తగా పట్టుకోవడం! మా డిపోలో వాడే, సందేహం లేదు.”

కోడలికి నవ్వాగలేదు. “డ్రైవరంటే మనిషి కాదు మామయ్యా. సంచీలో అన్నిటికన్నా పొడుగు కర్ర. తల లావుగా ఉంటుంది.”

“పొడుగూ, లావు తలా” అని వంటింట్లోంచి ఇల్లాలి గొంతు వినబడింది. “పేరు సరిగ్గానే పెట్టారు.”

సోఫాలోవాడు దగ్గుతూ నవ్వు మింగాడు. పెద్దాయనకి ఒళ్ళు మండిపోయింది.

“సరే, డ్రైవరు కర్రే అనుకో. మరి ఆ ప్యాంటో? కర్రకి ఎవరైనా ప్యాంటు తొడుగుతారా?”

కోడలు రికార్డు పుస్తకాన్ని ఒళ్ళోకి లాక్కుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“ఇప్పుడు పడిపోయిందే నోరు! పేరు చెప్పు, తాళం తీస్తాను. లేదంటే పరీక్షా లేదు, డిగ్రీ లేదు.”

కోడలు లేచి ఆయనకి ఎదురుగా నిలబడింది.

“తాళం మీ దగ్గరే ఉంచుకోండి. యూనివర్సిటీలో బోలెడు కర్రలున్నాయి, ఒకటి అడుక్కుంటాను. మూడేళ్ళు చదివింది ఆ సంచీ కాదు, నేను. రేపు పొద్దున గేటు దాటి తీరతాను. మీరు అడ్డం నిలబడితే పక్కనించి పోతాను. పేరు మాత్రం నా నోట రాదు.”

“ఈ గొడవకి బెదిరి ఆ మనిషి రేపు రాకపోతే?”

“రాకపోతే పరీక్ష తప్పుతాను. మాట తప్పను.”

“నువ్వు చెప్పేదేంటి, నేనే పట్టుకుంటాను. రేపు తెల్లారగట్ల గోడౌన్ వెనక కాపు కాస్తాను!”

“ఎనిమిదింటికా నాన్నా?” అన్నాడు కొడుకు.

“నోర్ముయ్!” పెద్దాయన కేక వీధి చివరి ఇస్త్రీ బండిదాకా వెళ్ళింది. “ఆ ఖాకీ ప్యాంటు వాడు దొరకనీ, రెండు కాళ్ళూ విరగ్గొట్టి వాడి చేతిలోనే పెడతాను!”

వంటింటి గుమ్మంలోకి ఇల్లాలు వచ్చింది. తడి చేతులు గుడ్డకి తుడుచుకుని, ఆ గుడ్డని మడిచి భుజాన వేసుకుంది. పాదాలు కాస్త ఎడంగా పెట్టి, భుజాలు వదులుగా వదిలేసి, నేలలో పాతినట్టు నిలబడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అలా నిలబడటం ఆయన ఎన్నడూ చూడలేదు.

“ప్యాంటు మీదే. కాళ్ళు నావి. రండి, విరగ్గొట్టండి.”