నాలుగు గళ్ల గుర్తు

“స్కీమా బొమ్మ కనిపించడం లేదు సార్.”

అంది పద్మప్రియ, మేనేజరుతో.

చేపల మేత కంపెనీ ఏలూరు ఆఫీసులో ఆమె చేరి రెండు నెలలు. కంప్యూటర్‌లో ఏ పట్టిక దేనితో ముడిపడి ఉందో చూపించే బొమ్మ అది. నిన్న పాత సాఫ్ట్‌వేర్ తీసి కొత్త ఎడిటర్ వేశాక మాయమైంది.

“పన్నెండింటికి హైదరాబాద్ హెడ్డాఫీసు వాళ్లకి చూపించాలి. చూపిస్తే నీ ఉద్యోగం పర్మనెంట్. లేకపోతే నేనేం చెయ్యలేనమ్మా.”

మేనేజరు భీమశంకరం వచ్చినవాళ్లతో గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

అప్పుడే ఒకాయన లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, పాదాలకు చెరువు బురద, చేతిలో మేత సంచి.

“ఏవండీ, ఈ కాగితం సారుకివ్వాలండి.”

“మేత కంప్లైంట్లు సోమవారమండి.”

“కంప్లైంటు కాదమ్మా. ఓ ఉద్యోగం దరఖాస్తుకి ఇవాళే ఆఖరు. పన్నెండింటికల్లా సంతకమైతే గూడెం బస్సెక్కుతాను.”

ఆమె కాగితం మడత విప్పకుండానే టీ గ్లాసు కింద పెట్టింది. మెనూలన్నీ మళ్లీ మొదటినుంచి వెతకసాగింది.

ఆయన స్క్రీన్ వైపు చూశాడు.

“మెనూల్లో ఉండదండి. కొత్తదాంట్లో అది విడిగా వేసుకోవాలి. ఎడమ పక్కన నాలుగు గళ్ల గుర్తుంది చూడండి, ఒక గడి ఊడిపోతున్నట్టు. అది నొక్కి, స్కీమా అని కొట్టండి.”

“చెరువు దగ్గర కూడా మీకు ఇదే పనాండీ?”

“ఇప్పుడైతే చెరువేనండి,” ఆయన నవ్వాడు.

“బయట బెంచీ ఉంది. కూర్చోండి.”

ఆయన వెళ్లి కూర్చున్నాడు.

పావుతక్కువ పన్నెండయింది. వెతకని చోటంటూ మిగల్లేదు. ఆమె ఒకసారి గుమ్మం వైపు చూసి, నాలుగు గళ్ల గుర్తు నొక్కింది.

రెండు నిమిషాల్లో నలభై పట్టికలు గీతలతో సహా స్క్రీన్ నిండా పరుచుకున్నాయి.

“వచ్చిందా అమ్మా?” గుమ్మంలోంచి అడిగాడాయన.

“ఆఁ, వచ్చిందండి.” ఆమె తలెత్తలేదు.

“అయితే కాగితం...”

“ఉండండి, ముందు ఇది చూపించనివ్వండి.”

పన్నెండింటికి గదిలోంచి వచ్చిన హైదరాబాద్ వాళ్లలో ఒకాయన స్క్రీన్ దగ్గరికి వంగాడు.

“ఎంత శుభ్రంగా కట్టారండీ! ప్రతి పట్టిక కిందా తెలుగులో గమనిక. ‘చెరువు తవ్విన ఏడాది తప్పక రాయండి - జిలానీ.’ ఎవరండీ ఈ జిలానీ?”

“పాత మనిషిలెండి. మనుషుల్ని తగ్గించమన్నప్పుడు తీసేశాం,” అన్నాడు భీమశంకరం. పద్మప్రియ వైపు తిరిగాడు. “నీకు పర్మనెంటమ్మా.”

అందరూ భోజనానికి లేచేసరికి పన్నెండున్నర.

బెంచీ ఖాళీగా ఉంది. కింద ఎండిన బురద.

పద్మప్రియ టీ గ్లాసు పక్కకు జరిపి, కాగితం మడత విప్పింది.

‘అయ్యా, మీ ఆఫీసులో పదకొండేళ్లు కంప్యూటర్ పని చేసినట్టు అనుభవ పత్రం ఇప్పించగలరు. ఇట్లు, జిలానీ.’