లోపలికి రాని మేస్త్రీ

పొద్దున ఎనిమిదికి వస్తానన్న ఫ్యాన్ల మేస్త్రీ పదకొండున్నరకు వచ్చాడు.

అప్పటికే సురేంద్రకు కోపం నషాళానికి అంటి ఉంది.

అంటదా మరి? పట్టుపురుగు పిల్లల్ని పది రోజులు సాకి, ధర్మవరం చుట్టుపక్కల రైతులకు చేర్చడం అతని పని. అందుకోసమే వేలంలో పాత బస్సు కొని, సీట్లు పీకించి, అరలు కొట్టించాడు. పోయిన నెల ఆ రేకు కింద వేడికి సగం పిల్లలు చచ్చాయి. ఇంకోసారి అట్లా జరిగితే రైతులు అతని మొహం చూడరు. ఈ సాయంత్రం ఇరవై మందికి చేరాల్సిన పురుగులు అరల్లో సిద్ధంగా ఉన్నాయి. కప్పుకు రెండు ఫ్యాన్లు పడితే గాని బండి కదలదు.

వచ్చినవాడు నిచ్చెన వేసుకుని నేరుగా బస్సు పైకెక్కాడు. పాత గాలి మూత పీకి, ఆ కంతలో ఫ్యాను పెట్టాడు.

"లోపలికొచ్చి కింద నట్లు బిగించప్పా."

"మీరు బిగించండి సార్. నేను పైన పట్టుకుంటా."

"పని నీదా, నాదా?"

మేస్త్రీ పైనుంచి కదల్లేదు. సురేంద్ర పళ్లు నూరుకుంటూ స్టూలెక్కి తానే బిగించాడు. ఒక్క ఫ్యానుకే గంట పట్టింది.

"ఇట్లయితే తెల్లారినట్లే! దిగు. రెండోది నువ్వే లోపలికొచ్చి బిగించు."

మేస్త్రీ దిగాడు గానీ తలుపు దగ్గరికి రాలేదు. నడినెత్తిన ఎండలో దూరంగా నిలబడ్డాడు.

"పొలం నుంచి నేరుగా వచ్చినా సార్, నేను లోపలికి..."

"మేము విమానం దిగొచ్చినామా? అందరం పొలాల్లో నుంచి వచ్చినోళ్లమే!"

"అది కాదు సార్..."

వినే ఓపిక సురేంద్రకు లేదు. అతని చొక్కా చెయ్యి పట్టుకుని తలుపు దాకా ఈడ్చుకొచ్చాడు. మెట్టు మీద కాలు పడకముందే మేస్త్రీ విదిలించుకుని వెనక్కి పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది.

లేచి, సంచి భుజాన వేసుకున్నాడు.

"సార్, చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి."

"నాకే నేర్పిస్తాండావా? నడువ్!"

పని రానోడికి మాటలెక్కువ అనుకున్నాడు సురేంద్ర. మేత వేసే ముందు రోజూ చేతులు కడుక్కునేవాడే. ఆ పూట మాత్రం పంతానికి కడుక్కోలేదు. ఆ చేతులతోనే మల్బరీ ఆకు తురుము అరలన్నిటా చల్లాడు.

మూడు గంటలకు చూస్తే పురుగులు ఆకు ముట్టడం లేదు. తలలు పైకెత్తి ఊగుతున్నాయి. పచ్చటి పసరు కక్కుతున్నాయి.

విషం తగిలితే తప్ప అట్లా కక్కవు.

ఫ్యాన్ల అంగడి శశికుమార్‌కు ఫోన్ చేశాడు.

"యాడోన్నప్పా పంపినావు? లోపలికి రమ్మంటే రాడు..."

"ఎర్రిస్వామన్న ఎట్లొస్తాడన్నా? శెనక్కాయ చేన్లో పురుగుమందు చల్లుతాంటే, నీ తొందరకు తట్టుకోలేక నేనే పిలిపించినా. పైనుంచే చేస్తా, లోపలికి మాత్రం రానని చెప్పే వచ్చినాడు. నీకు తెలిస్తే వద్దంటావని, చెప్పద్దన్నది నేనే."

సురేంద్ర, మేస్త్రీ చొక్కా పట్టి లాగిన తన చేతులకేసి చూసుకున్నాడు.

"లోపలికి రాలేదు గదన్నా?"

"రాలేదు."

"రాడులే. పోయినేడు మందు చల్లిన చొక్కాతో ఒక్కసారి తన షెడ్డులోకి పోయి, గూడు కట్టబోయే పురుగులన్నీ పోగొట్టుకున్నాడు పాపం. అంతకు ముందు ఈ తట్టు పురుగులు సాకడంలో ఆయన్ను మించిన రైతు లేడన్నా."