ఎదురుకొండ జవాబు

ఎండ ముదిరేకొద్దీ పాడేరు కొండల మీద కంటికి కనబడని, ఊపిరితిత్తుల్ని మండించే ఓజోను వాయువు పేరుకుంటుంది. ఊపిరి చాలనివాళ్లు సగం దారిలోనే కూలబడతారు. అందుకే గైడు చిలకమ్మ పదిహేనేళ్లుగా, ఎక్కడానికొచ్చిన ప్రతివాళ్లచేతా కొండ మొదట్లోనే కూత పెట్టిస్తోంది. ఎదురుకొండ మారుపలికితే పైకి, లేకపోతే వెనక్కి, తిరుగు బస్సు కోసం నిలబడే వరసలోకి.

విశాఖ నుంచి వచ్చిన లిఖిత కూతకు కొండ వెంటనే పలికింది.

“ఊపిరి బాగున్నాదమ్మా, ఎక్కు.”

“మరి మీదెప్పుడు చూసుకున్నారండీ?”

“నాకెందుకమ్మా? రోజూ ఎక్కీదాన్ని!” చిలకమ్మ నవ్వేసింది. అయినా తెలుసుకోవాలనిపించి, నోటికి చేతులడ్డం పెట్టుకుని కూత పెట్టింది.

ఇద్దరూ చెవులు రిక్కించారు. కొండ పలకలేదు.

“ఇన్నేళ్లూ నా గొంతు ఇన్లేదు గదా, మర్సిపోనాదేటో,” అంటూ చిలకమ్మ వెళ్లి, తను వెనక్కి పంపినవాళ్ల వరసలో నిలబడింది.